కోర్టు నుంచి వెండితెరకు: బళ్ళారి రాఘవ జీవితపాఠం



వార్షికోత్సవం దగ్గర పడిందంటే హాస్టల్లో నాటిక రిహార్సళ్ళు మొదలవుతాయి. రాత్రి భోజనాలయ్యాక కంచాలు కడిగి, హాలు తుడిచి, అక్కడే వేషాల పంపకం జరుగుతుంది. కలెక్టరు వేషానికి, పోలీసు వేషానికి పోటీ ఎక్కువ. వడ్డీ వ్యాపారి వేషానికీ, తాగుబోతు తండ్రి వేషానికీ మాత్రం ఎవరూ చెయ్యి ఎత్తరు. "ఆ వేషం వేస్తే ఏడాదంతా ఆ పేరుతోనే పిలుస్తారు సార్" అంటారు. ఇంకో భయం కూడా ఉంది. ఇంట్లో మాట్లాడే మాట నోట్లోంచి వస్తే నవ్వుతారేమోనని, డైలాగులన్నీ పుస్తకం చదివినట్టు ఒకే స్వరంతో అప్పజెబుతారు.

ఈ రెండు భయాలకూ సమాధానం చెప్పే జీవితం ఒకటుంది. ఆయన పగలు కోర్టులో వకీలు, రాత్రి రంగస్థలం మీద నటుడు. యాభై అయిదేళ్ళు దాటాక సినిమాల్లో కూడా నటించారు. ఆయనే బళ్ళారి రాఘవ.

ఉద్యోగం చేస్తూ నటుడైన మనిషి అంటే మనకు వెంటనే గుర్తొచ్చేది జె.వి.సోమయాజులు గారు. ఆయన మన శ్రీకాకుళం జిల్లా లుకలాం అగ్రహారంలో పుట్టారు. డిప్యూటీ కలెక్టరుగా పనిచేస్తూ, 1980లో వచ్చిన 'శంకరాభరణం'తో దేశమంతా పేరు తెచ్చుకున్నారు. అంతకు ముందు ఎన్నో ఏళ్ళు 'కన్యాశుల్కం' నాటకంలో రామప్పపంతులు వేషం వేశారు. ఒక చేత్తో ఉద్యోగం, ఒక చేత్తో కళ పట్టుకున్న ఆ దారిలో ఆయనకంటే చాలా ముందు నడిచినవారు రాఘవ.

పుట్టుక, చదువు

రాఘవ అసలు పేరు తాడిపత్రి రాఘవాచార్యులు. 1880 ఆగస్టు 2న అనంతపురం జిల్లా తాడిపత్రిలో పుట్టారు. తండ్రి నరసింహాచార్యులు, తల్లి శేషమ్మ. పెరిగింది, పనిచేసింది బళ్ళారిలో. అందుకే ఊరి పేరు ఆయన పేరులో కలిసిపోయింది. ఆ రోజుల్లో బళ్ళారి మద్రాసు రాజధానిలో భాగం. తెలుగు, కన్నడం రెండూ వీధిలో వినిపించే ఊరు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్ళారి మైసూరు రాష్ట్రానికి వెళ్ళింది. ఇప్పుడు కర్ణాటకలో ఉంది.

ఆయన మేనమామ ధర్మవరం రామకృష్ణమాచార్యులు. 'ఆంధ్ర నాటక పితామహుడు' అని మనం తెలుగు పాఠాల్లో చదువుకునేది ఆయన గురించే. ఆయన కూడా బళ్ళారిలో వకీలే. 'సరస వినోదిని సభ' అనే నాటక సమాజం నడిపేవారు. అదే ఊళ్ళో ఇంకో వకీలు కోలాచలం శ్రీనివాసరావు. ఆయన చరిత్ర నాటకాలు రాసి, 'సుమనోరమ సభ' నడిపేవారు. ఒకే ఊళ్ళో ఇద్దరు వకీళ్ళు, రెండు నాటక సమాజాలు! వాళ్ళ మధ్య పోటీ వల్ల ఊరికి మంచి నాటకాలు వచ్చాయి, రాఘవకు మంచి బడి దొరికింది.

చదువుకునే రోజుల్లోనే రాఘవ బళ్ళారిలో షేక్స్‌పియర్ పేరుతో ఒక క్లబ్బు పెట్టి ఇంగ్లీషు నాటకాలు ఆడించారు. మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో పట్టభద్రులై, తర్వాత మద్రాసు లా కాలేజీలో చదివి 1905లో న్యాయశాస్త్ర పట్టా పొందారు. బళ్ళారికి తిరిగి వచ్చి మేనమామ దగ్గరే జూనియరుగా చేరారు. అంటే కోర్టులోనూ రంగస్థలం మీదా గురువు ఒక్కరే అన్నమాట.

క్రిమినల్ కేసుల్లో ఆయనకు మంచి పేరు వచ్చింది. ప్రభుత్వం ఆయనను పబ్లిక్ ప్రాసిక్యూటరుగా నియమించింది. వకీలు వృత్తిలో బాగా సంపాదించారు. నాటకాన్ని మాత్రం సంపాదన కోసం చేపట్టలేదు. ఈ ఏర్పాటు వల్ల ఆయనకు ఒక స్వేచ్ఛ దొరికింది. టిక్కెట్లు అమ్ముడుపోతాయా లేదా అని చూసుకోకుండా, తనకు సరైనదని తోచిన పద్ధతిలో నటించగలిగారు.

పాట తగ్గించి మాట పెంచినవారు

ఆ పద్ధతి ఏమిటో తెలియాలంటే అప్పటి నాటకం ఎలా ఉండేదో తెలియాలి. తెలుగు నాటకంలోకి పద్యాలూ పాటలూ తెచ్చి జనాన్ని ఆకట్టుకున్నవారు ధర్మవారివారే. 1887 నాటి ఆయన 'చిత్రనళీయం' అందుకు పేరుపొందింది. కాలం గడిచేకొద్దీ పాట నాటకాన్ని మింగేసింది. యుద్ధానికి వెళ్ళే రాజు కూడా అక్కడే నిలబడి రాగం తీసేవాడు. చావుబతుకుల్లో ఉన్న పాత్ర కూడా ప్రేక్షకులు "వన్స్‌మోర్" అంటే లేచి మళ్ళీ పాడేది. మన ఊళ్ళలో రాత్రంతా జరిగే పౌరాణిక నాటకాలు చూసినవాళ్ళకు ఈ సంగతి కొత్త కాదు.

మేనల్లుడు దీనికి ఎదురు నడిచారు. మేనమామ తెచ్చిన పాటను తగ్గించి మాటను పెంచారు. పద్యంలోని భావం ముఖంలో కనిపించాలి, మాటలో వినిపించాలి అన్నది ఆయన పట్టుదల. కోర్టులో ఎవరూ రాగం తీయరు కదా! అక్కడ ఒక్కొక్క మాటకూ బరువుంటుంది. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో వకీలుకు తెలియాలి. అదే విద్యను ఆయన రంగస్థలం మీదకు తెచ్చారు.

ఆడవేషాలు ఆడవాళ్ళే వేయాలని కూడా ఆయన పట్టుబట్టారు. మగవాళ్ళు చీర కట్టుకుని స్త్రీ పాత్రలు వేయడం మామూలైన రోజులవి. చదువుకున్న ఇంటి ఆడపిల్ల రంగస్థలం ఎక్కితే లోకం నిందించేది. అటువంటి కాలంలో కొమ్మూరి పద్మావతీదేవి వంటివారిని ప్రోత్సహించి, శిక్షణ ఇచ్చి, తన పక్కన నిలబెట్టి నటింపజేశారు. పి.వి.రాజమన్నారు రాసిన 'తప్పెవరిది' వంటి సాంఘిక నాటకాలు ఆడారు. రాజమన్నారు కూడా వకీలే. తర్వాత మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయ్యారు.

1927లో గాంధీజీ ఆయన 'దీనబంధు కబీర్' నాటకం చూసి మెచ్చుకున్నారు. ఆ నాటకం హిందీలో ఆడారు. కబీరు నేతపని చేసి బతికిన సంతకవి. మన పొందూరు మగ్గాల చప్పుడు విన్న మనకు ఆ పాత్ర పరాయిది కాదు. 1928లో రాఘవ ఇంగ్లండు వెళ్ళి అక్కడి నాటకరంగాన్ని చూశారు. ప్రసిద్ధ నాటక రచయిత బెర్నార్డ్ షాను కలిశారు.

ప్రతినాయకుడి తరఫు వకీలు

రాఘవకు పేరు తెచ్చిన పాత్రల పట్టిక చూడండి: దుర్యోధనుడు, హిరణ్యకశిపుడు, చాణక్యుడు, విజయనగర పతనాన్ని గురించి కోలాచలం వారు రాసిన నాటకంలో పఠాన్ రుస్తుం, షేక్స్‌పియర్ నాటకాల్లో షైలాక్, ఒథెల్లో. వీరిలో చాలామంది మన లెక్కలో 'చెడ్డవాళ్ళు'. షైలాక్ అయితే అచ్చంగా వడ్డీ వ్యాపారి! మన హాస్టల్లో ఎవరూ ఒప్పుకోని వేషం అది.

ఇక్కడే ఈ పాఠంలోని ముఖ్య విషయం ఉంది. క్రిమినల్ వకీలు దగ్గరకు వచ్చేవాడు ఎవరు? నేరం మోపబడినవాడు. ఊరంతా ఛీ అన్నవాడు. వకీలు అతనితో ఎదురుగా కూర్చుని, "అసలేం జరిగింది? నీకప్పుడు ఏమనిపించింది?" అని అడగాలి. అతను చేసింది మంచిదని నమ్మనక్కర్లేదు. ఎందుకు చేశాడో తెలియకుండా మాత్రం అతని తరఫున ఒక్క మాట మాట్లాడలేడు. పబ్లిక్ ప్రాసిక్యూటరు పని దీనికి రెండో వైపు. సాక్షి ముఖం చూసి అబద్ధం ఎక్కడుందో పట్టుకోవాలి. కళ్ళు ఎటు తిరిగాయి, గొంతు ఎక్కడ తడబడింది అని గమనించాలి.

నటుడు చేయవలసిన పని కూడా ఇదే. దుర్యోధనుడు తనను తాను దుర్మార్గుణ్ణి అనుకోడు. రాజ్యం తనకే రావాలని, తనకే అన్యాయం జరిగిందని నమ్ముతాడు. ఆ నమ్మకం నటుడికి పట్టుబడితే అది పాత్ర అవుతుంది. పట్టుబడకపోతే మీసాలు, అరుపులు మిగులుతాయి. షైలాక్ సంగతీ అంతే. ఆ నాటకంలో అసలు ఘట్టం కోర్టులోనే జరుగుతుంది. ఏళ్ళ తరబడి అవమానాలు పడ్డ మనిషి చట్టం చేతబట్టుకుని పగ తీర్చుకోవాలని వస్తాడు. అతని క్రూరత్వం చూసి అసహ్యించుకోవడం తేలిక. ఆ అవమానం కూడా చూపించగలిగినవాడే నటుడు.

కాబట్టి వకీలు వృత్తి రాఘవకు తిండి పెట్టడమే కాదు, ఆయన నటనకు బడిగా కూడా పనికొచ్చింది. ఎదుటి మనిషి లోపలికి వెళ్ళి, అతని తరఫున మాట్లాడటం రెండు చోట్లా ఒక్కటే విద్య.

వెండితెర మీద మూడు చిత్రాలు

1932లో 'భక్త ప్రహ్లాద'తో తెలుగు సినిమా మాట్లాడటం మొదలుపెట్టింది. నిర్మాతలు నాటకరంగం వైపు చూశారు. అలా రాఘవకూ పిలుపు వచ్చింది. ఆయన నటించిన చిత్రాలు మూడే.

1. ద్రౌపదీ మానసంరక్షణం (1936): ఇందులో ఆయన దుర్యోధనుడు. ద్రౌపదిగా సురభి కమలాబాయి, కృష్ణుడిగా బందా కనకలింగేశ్వరరావు నటించారు. విశేషమేమిటంటే బందావారు కూడా న్యాయశాస్త్రం చదివి ఏలూరులో వకీలుగా పనిచేసినవారే! ఒకే తెరమీద కృష్ణుడూ వకీలే, దుర్యోధనుడూ వకీలే. అయితే అదే ఏడాది ఇదే కథతో 'ద్రౌపదీ వస్త్రాపహరణం' అనే ఇంకో చిత్రం పోటీగా వచ్చింది. జనం దాన్నే ఎక్కువ ఆదరించారు.

2. రైతుబిడ్డ (1939): ఇందులో నర్సిరెడ్డి అనే రైతు పాత్ర. దీని గురించి కింద వివరంగా చూద్దాం.

3. చండిక (1940): కన్నాంబ, వేమూరి గగ్గయ్యలతో కలిసి నటించిన జానపద చిత్రం.

రైతుబిడ్డ

గూడవల్లి రామబ్రహ్మం గారు సారథి సంస్థ తరఫున 1938లో 'మాలపిల్ల' తీశారు. దేవుళ్ళ కథలే సినిమాలుగా వస్తున్న రోజుల్లో అంటరానితనం మీద తీసిన చిత్రం అది. అందులో ఛాందసుడైన శాస్త్రి పాత్ర వేసిన గోవిందరాజుల సుబ్బారావు గారు వృత్తిరీత్యా డాక్టరు. దాని మాటల రచయితల్లో ఒకరైన తాపీ ధర్మారావు గారు మన ఉత్తరాంధ్రలో చదువుకున్నవారు, గిడుగు రామమూర్తి పంతులు గారి శిష్యులు. మరుసటి ఏడు రామబ్రహ్మం గారు 'రైతుబిడ్డ' తీస్తూ ముఖ్యపాత్రకు వకీలు రాఘవను పిలిచారు. దానికి మాటలు రాసిన త్రిపురనేని గోపీచంద్ కూడా లా చదివినవారే.

కథ జమీందారీ కింద నలిగే రైతులది. అప్పుల బాధ, జమీందారు ఒత్తిడి, ఎన్నికల్లో ఎవరి పక్షాన నిలవాలనే సంకటం ఇందులో ఉంటాయి. దీన్ని మనం మన జిల్లా చరిత్ర పక్కన పెట్టి చూడాలి. బొబ్బిలి, విజయనగరం, పర్లాకిమిడి వంటి జమీందారీల కింద మన ముత్తాతలు శిస్తు కట్టిన కాలం అది. 1937-38లో రైతు రక్షణ యాత్ర మన ఇచ్ఛాపురం నుంచే బయలుదేరి మద్రాసు వరకు నడిచింది. 1940లో మందస జమీందారీలో అడవి కట్టెల గొడవ పెరిగి, పోలీసు కాల్పుల్లో వీరగున్నమ్మ ప్రాణం విడిచింది. ఈ రెండు సంఘటనల మధ్యలో, 1939లో, 'రైతుబిడ్డ' తెరమీదకు వచ్చింది.

జమీందారులు ఊరుకోలేదు. అభ్యంతరాలు తెచ్చారు. కొన్ని చోట్ల ప్రదర్శన నిషేధించారు. చిత్రమైన సంగతి ఏమిటంటే, ఈ చిత్రం తీసిన సారథి సంస్థకు పెట్టుబడి పెట్టింది కూడా ఒక జమీందారే, చల్లపల్లి రాజా. మద్రాసు రాష్ట్రంలో జమీందారీల రద్దు చట్టం 1948లో వచ్చింది. దాన్ని చూడటానికి రాఘవ లేరు.

రాఘవ రైతు కాదు. పేరున్న వకీలు, పట్నం మనిషి. రైతు పాత్రను ఆయన నిలబెట్టగలిగారంటే కారణం ముందు చెప్పుకున్నదే. కోర్టు వరండాల్లో చేతులు కట్టుకుని నిలబడే పల్లెటూరి కక్షిదారులను ముప్ఫై ఏళ్ళకు పైగా దగ్గరగా చూసిన కళ్ళు ఆయనవి.

ఎందుకు మూడే?

ఇంత గొప్ప నటుడు మూడే చిత్రాలు చేయడమేమిటని మీకు అనుమానం రావచ్చు. కారణాలు ఆలోచిద్దాం.

మొదటిది వయస్సు. సినిమా ఆయన దగ్గరకు వచ్చేసరికి యాభై ఆరేళ్ళు. చివరి చిత్రానికి అరవై. రెండోది పాట. అప్పటికి నేపథ్యగానం ఇంకా స్థిరపడలేదు. తెరమీద కనిపించేవాళ్ళే పాడుకోవాలి. అందుకే గాయక నటులకు గిరాకీ. పాటను వెనక్కి నెట్టి మాటను ముందుకు తెచ్చిన రాఘవ వంటివారికి అప్పటి సినిమాలో చోటు తక్కువ. మూడోది వృత్తి. చిత్రనిర్మాణం ఇల్లూ ఊరూ వదిలి నెలల తరబడి సాగే పని. కోర్టు వాయిదాలు ఎవరికోసమూ ఆగవు.

ఆయన నమ్మిన సహజమైన మాట, అదుపులో ఉన్న ముఖం తర్వాతి తరం క్యారెక్టర్ నటులకు అలవాటైన దారి అయ్యాయి. కెమెరా దగ్గరగా వచ్చాక అరుపు అక్కర్లేదని అందరికీ తెలిసింది. ఆ సంగతి ఆయన ముందే, కెమెరా లేకుండానే కనిపెట్టారు.

1946 ఏప్రిల్ 16న రాఘవ కన్నుమూశారు. ఏప్రిల్ 16 కందుకూరి వీరేశలింగం గారి జయంతి. తెలుగు నాటకరంగ దినోత్సవం జరుపుకునేది ఆ రోజే. 1981లో భారత తపాలా శాఖ రాఘవ పేరిట స్టాంపు విడుదల చేసింది.

మన మాట సంగతి

'రైతుబిడ్డ'లో నటించినవారిలో గిడుగు వెంకట సీతాపతి గారు కూడా ఉన్నారు. ఆయన గిడుగు రామమూర్తి గారి కుమారులు. వాడుక భాషకు పట్టం కట్టిన రామమూర్తి గారు మన జిల్లాలోనే పర్వతాలపేటలో పుట్టారు. జనం మాట్లాడే మాటే రాతలో ఉండాలని వారు పోరాడారు. మాట సహజంగా ఉండాలని రాఘవ రంగస్థలం మీద పట్టుబట్టారు. ఈ రెండు దారులూ ఆ సినిమాలో కలిశాయని అనుకోవచ్చు.

మరి ఆ గిడుగు వారి జిల్లా పిల్లలం మనం, "ఏటి సేత్తన్నావు?" అనడానికి సిగ్గుపడితే ఎలా? మన యాసను చాలా సినిమాల్లో నవ్వించడానికే వాడుకున్న మాట నిజం. ఆ బాధ మనకుంది. అందుకు విరుగుడు ఆ మాటను దాచుకోవడం కాదు. ఆ మాటతోనే ఏడిపించగలమని, ఆలోచింపజేయగలమని చూపించడం. పరీక్షలో పాఠ్యపుస్తకం భాష రాయండి, ఇంటర్వ్యూలో అక్కడికి తగిన భాష మాట్లాడండి. నాటికలో మీ అమ్మ పాత్ర వస్తే, మీ అమ్మ మాట్లాడినట్టే మాట్లాడండి.

మనం గ్రహించవలసినది

మన ఎచ్చెర్లలో 2008లో ఏర్పడిన విశ్వవిద్యాలయానికి డాక్టర్ బి.ఆర్.అంబేద్కర్ పేరు పెట్టారు. ఆయనా న్యాయవాదే. 1920లో ఆయన మొదలుపెట్టిన మరాఠీ పత్రిక పేరు 'మూక్‌నాయక్', అంటే మూగవారి నాయకుడు. నోరు లేనివారి తరఫున మాట్లాడటానికే ఆయన చట్టం చదువును వాడారు.

ఈ హాస్టల్లో చదివే మనలో చాలామంది ఇళ్ళలో, ఆఫీసుకు వెళ్ళి అర్జీ ఇవ్వాలంటే ఇంకొకరిని బతిమాలుకున్నవాళ్ళే ఉన్నారు. మన తరఫున ఎవరో మాట్లాడేవారు. కొన్నిసార్లు సరిగ్గా మాట్లాడేవారు, కొన్నిసార్లు తప్పుగా. ఇప్పుడు చదువు మన చేతికి వచ్చింది. రేపు మీలో ఒకరు వకీలు కావచ్చు, ఒకరు టీచరు, ఒకరు నర్సు, ఒకరు నటుడు. ఏదైనా కానివ్వండి, ఎదుటివాడి కష్టం లోపలికి వెళ్ళి చూసి మాట్లాడటం నేర్చుకోండి. అది నేర్చుకోవడానికి నాటిక మంచి బడి. కళ కోసం చదువు మానవద్దు, చదువు కోసం కళను చంపుకోవద్దు. రాఘవ రెండూ నిలుపుకున్నారు.

ఈసారి వేషాలు పంచేటప్పుడు వడ్డీ వ్యాపారి వేషానికి ఒక చెయ్యి లేస్తుందని ఆశిస్తున్నాను. ఆ చెయ్యి ఎత్తినవాణ్ణి ఏడాదంతా ఆ పేరుతో పిలవకుండా ఉండటం మిగతావాళ్ళ బాధ్యత.

గుర్తుంచుకోవలసిన తేదీలు

1880 – తాడిపత్రిలో జననం
1905 – న్యాయశాస్త్ర పట్టా
1927 – గాంధీజీ 'దీనబంధు కబీర్' చూడటం
1928 – ఇంగ్లండు పర్యటన
1936, 1939, 1940 – మూడు చలనచిత్రాలు
1946 – మరణం

ఆలోచించి రాయండి

1. క్రిమినల్ వకీలు పనికీ, ప్రతినాయకుడి వేషం వేసే నటుడి పనికీ ఉన్న పోలికలు ఏవి?
2. నేపథ్యగానం లేని రోజుల్లో సినిమా నటుల ఎంపిక ఎలా ఉండేది? రాఘవకు అది ఎలా అడ్డమైంది?
3. 'రైతుబిడ్డ' చిత్రాన్ని జమీందారులు ఎందుకు వ్యతిరేకించారు? మీ ఊరి పెద్దలను అడిగి, వారు తమ పెద్దలనుంచి విన్న జమీందారీ కాలపు సంగతులు రెండు రాసుకు రండి.
4. మీకు నచ్చని ఒక మనిషిని తలచుకుని, అతని తరఫున పది వాక్యాలు మీ ఇంటి మాటలోనే రాయండి.